పడమటి ముఖం ఇల్లు, పైన ఇంకో అంతస్తు వేస్తున్నాం: స్లాబు వేడికి ఏం చేయాలి?

నయీంనగర్ వాసి (హన్మకొండ) · 9 ఫిబ్రవరి 2025, రాత్రి 10:42

అందరికీ నమస్తే. మాది 200 గజాల ఇల్లు, పడమటి ముఖం. కింద పోర్షన్ 2008లో నాన్న కట్టించారు. ఇప్పుడు దాని మీద ఇంకో అంతస్తు వేస్తున్నాం. పిల్లర్లు లేచాయి, వచ్చే వారం గోడలు మొదలు. మార్చి రెండో వారంలో స్లాబు.

ఇన్నేళ్లుగా కింద ఉంటున్నాం కాబట్టి స్లాబు వేడి అంటే ఏంటో మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. మే నెలలో రాత్రి పదకొండింటికి ఫ్యాన్ వేస్తే హెయిర్ డ్రయ్యర్ కింద పడుకున్నట్టు ఉంటుంది. అమ్మ ఏప్రిల్ 15 దాటిందంటే మంచం వాకిట్లోకి మార్చేస్తుంది. ఇప్పుడు మేం పైకి మారి కింద కిరాయికి ఇవ్వాలనుకుంటున్నాం, అంటే ఆ వేడి మళ్లీ మా నెత్తి మీదికే.

చేతిలో ఒక లక్షన్నర మిగిలేలా ఉంది. ఇంజినీరేమో ఏఏసీ బ్లాకులు (లోపల గాలి బుడగలతో తేలిగ్గా ఉండే తెల్ల బ్లాకులు) అంటాడు. మేస్త్రి ఎర్ర ఇటుకే అంటాడు. బామ్మర్ది సోలార్ పెట్టించమంటాడు. మా ఇంట్లోవాళ్లు ఇవేవీ వద్దు, ఇంకో ఏసీ కొనమంటున్నారు. ఎక్కడ పెడితే ఫలితం ఉంటుంది? కట్టి అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

మంచిర్యాల మామ (మంచిర్యాల) · 9 ఫిబ్రవరి, రాత్రి 11:05

బామ్మర్ది మాట, ఇంట్లోవాళ్ల మాట ఒకే దారిలో లేవంటే నీ పని అయిపోయింది తమ్మీ. ముందు ఒకటి చెప్పు. ఎండాకాలం కరెంట్ ఎన్ని యూనిట్లు కాలుతది?

నయీంనగర్ వాసి · 9 ఫిబ్రవరి, రాత్రి 11:11

ఏప్రిల్, మేలలో 350 దాకా. మిగతా నెలల్లో 180 లోపే.

నీలం స్కేలు (కరీంనగర్, సివిల్) · 10 ఫిబ్రవరి, ఉదయం 7:20

వేడి సంగతి తర్వాత. 2008లో పునాది ఎన్ని అంతస్తులకు వేశారు? డ్రాయింగ్ ఉందా? పిల్లర్లు లేచాక అడుగుతున్నాననుకోకండి. గోడ బరువు, డాబా మీద వేసే పొరల బరువు అన్నీ చివరికి ఆ పునాదే మోయాలి. మీ ఇంజినీర్ ఏఏసీ ఎందుకన్నాడో నాకు అర్థమవుతోంది. ఎర్ర ఇటుక గోడ ఘనపు మీటరు 1,800 కిలోల చుట్టుపక్కల తూగుతుంది. ఏఏసీ బ్లాక్ 600 దగ్గర ఉంటుంది. పాత పునాది మీద కొత్త అంతస్తు వేసేవాడు మొదట చూసేది అదే, చల్లదనం రెండోది.

కట్టుబడి మేస్త్రి (కాశీబుగ్గ) · 10 ఫిబ్రవరి, మధ్యాహ్నం 1:48

నేను ముప్పై ఏండ్ల సంది కడుతున్న. తెల్ల బ్లాక్ గురించి నా మాట గూడ వినుండ్రి. ఇంజినీర్ సార్లు బరువు తక్కువ అని చెప్పి పోతరు. గిలాబు పగిలినంక ఫోన్ మాత్రం నాకే వస్తది. మొలకొడితే ఊడుతది. బాత్రూం గోడ తడి పీల్చి లోపల రంగు పొరలు పొరలుగ లేస్తది. మొన్న ఒక ఇంట్ల టీవీ పెట్టే స్టాండ్ ఊడి కిందపడ్డది, ఇనుప మొలకు అంటుకొని బ్లాక్ ముక్క గూడ వచ్చింది. ఎర్ర ఇటుక తొమ్మిదంగుళాల గోడ కడితే మీ మనుమలు గూడ ఉంటరు.

నీలం స్కేలు · 10 ఫిబ్రవరి, సాయంత్రం 6:30

మేస్త్రి గారూ, మీరు చెప్పినవన్నీ నేనూ చూశాను, కాదనను. కానీ చాలావరకు తప్పు బ్లాక్‌ది కాదు. ఎర్ర ఇటుకకు కలిపినట్టే అంగుళం మందం మాల్ పెట్టి, బ్లాక్‌ను నీళ్లలో నానబెట్టి కడతారు. దానికి సన్నటి కీలు, దానికంటూ వేరే గమ్ వస్తుంది. పిల్లర్‌కు, గోడకు మధ్య కోళ్ల జాలీ కొట్టకుండా గిలాబు చేస్తే పగలక ఏం చేస్తుంది? టీవీకి పొడుగు యాంకర్ బోల్టు వాడాలి, మామూలు మొల కాదు. బాత్రూంకు ఎర్ర ఇటుకే పెట్టుకోండి, ఎవరూ వద్దనరు.

మన ఓరుగల్లు మేస్త్రులకు తేలిక ఇటుక కొత్తేం కాదు. పాలంపేట రామప్ప గుడి విమానం (గర్భగుడి మీది శిఖరం) కట్టింది నీళ్ల మీద తేలే ఇటుకలతోనే. 1213 నాటి పని. పైన బరువు తగ్గించాలి అన్న ఆలోచన అప్పుడే ఉంది.

కట్టుబడి మేస్త్రి · 10 ఫిబ్రవరి, రాత్రి 8:02

రామప్ప శిఖరానికి టీవీ తగిలియ్యలే గద సార్ 😄

కొలత కర్ర (కాజీపేట, పరిశోధన) · 10 ఫిబ్రవరి, రాత్రి 11:30

ఇళ్లలోకి వేడి ఎలా వస్తుందన్నదే నా పని కాబట్టి కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి.

గోడల మీద గొడవ పడుతున్నారు కానీ నయీంనగర్ వాసి గారూ, పై అంతస్తులో అసలు దొంగ గోడ కాదు, నెత్తి మీదిదే. వరంగల్ 18 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే రెండో వారంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా మన నడినెత్తిన ఉంటాడు. జూన్‌లో కొంచెం ఉత్తరానికి కూడా జరుగుతాడు. అంటే మండే ఎండల్లో దక్షిణపు గోడకు పడే ఎండ చాలా తక్కువ. సజ్జ ఉంటే అసలు పడదు. పగలంతా పడేది డాబా మీద. పొద్దున తూర్పు గోడ, సాయంత్రం పడమటి గోడ దాని తర్వాతే.

ఇప్పుడు లెక్క చూడండి. మామూలు స్లాబుకు యూ విలువ 3.5 దగ్గర ఉంటుంది. పైకి, కిందికి ఒక డిగ్రీ తేడా ఉంటే ఒక్కో చదరపు మీటరు గుండా 3.5 వాట్ల వేడి దిగుతుందని దానర్థం. మీ పడకగది 12×12 అనుకుందాం, 13 చదరపు మీటర్లు. పైకీ లోపలికీ 20 డిగ్రీల తేడా ఉంటే 3.5 × 20 × 13 = 910 వాట్లు. ఇంచుమించు ఒక కిలోవాట్ హీటర్ నెత్తి మీద వేలాడదీసుకొని కింద ఏసీ వేసుకున్నట్టు. టన్ను ఏసీ తోడేసేదే 3.5 కిలోవాట్ల వేడి. అందులో నాలుగో వంతు ఈ ఒక్క స్లాబుకే పోతుంది.

ఇళ్ల కోసం కేంద్రం 2018 డిసెంబర్‌లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత ప్రకారం పైకప్పు యూ విలువ 1.2 దాటకూడదు. అదే గదికి అప్పుడు లెక్క 312 వాట్లకు దిగుతుంది. దానికి పెద్ద విద్యలేం అక్కర్లేదు. స్లాబు మీద వాటర్ ప్రూఫింగ్ చేసి, దాని మీద అంగుళం మందం ఎక్స్‌పీఎస్ షీటు (థర్మాకోల్‌కు గట్టి అన్నలాంటిది), పైన సన్నటి కాంక్రీటు పొర, ఆపైన తెల్ల టైల్ ముక్కలు. ఇంత చేస్తే 1 దగ్గరికి వస్తుంది.

ఒక జాగ్రత్త. షీటు స్లాబు పైన ఉండాలి, కింద కాదు. కింద ఫాల్స్ సీలింగ్ కొట్టించి చల్లబడిందనుకునేవాళ్లు చాలామంది. కొంత ఆపుతుంది, నిజమే. కానీ స్లాబు పగలంతా కాగుతూనే ఉంటుంది. ఆ వేడి అర్ధరాత్రి దాకా గదిలోకి దిగుతూనే ఉంటుంది.

నయీంనగర్ వాసి · 11 ఫిబ్రవరి, ఉదయం 6:55

మేడం, చాలా థాంక్స్. ఆ 910 వాట్ల లెక్క ఇంట్లో చదివి వినిపించాను. ఏసీ ఆలోచన నెల రోజులు వాయిదా పడింది.

పడమటి వైపు మాత్రం తప్పదు, రోడ్డు అటే. హాల్ కిటికీలు అటే వస్తాయి.

కొలత కర్ర · 11 ఫిబ్రవరి, రాత్రి 9:14

పడమటి ఎండ ఏటవాలుగా వస్తుంది, సజ్జ దాన్ని ఆపలేదు. కిటికీ బయటివైపు వెదురు చిక్‌లు, లేదంటే నిలువు జాలీ. లోపలి కర్టెన్ వేడి లోపలికి వచ్చేశాక అడ్డం పడుతుంది, దానివల్ల లాభం తక్కువ. కప్‌బోర్డులు, పుస్తకాల అల్మారా, వాయవ్యంలో బాత్రూం పడమటి గోడకు పెట్టుకోండి. పడమర, దక్షిణం బరువుండాలని వాస్తువాళ్లు కూడా అంటారు కాబట్టి ఇంట్లో పేచీ ఉండదు. మీకు ఏఏసీ ఒక్క గోడకే సరిపోతుందనుకుంటే ఆ గోడ ఇదే.

ఖని బూడిద (గోదావరిఖని) · 12 ఫిబ్రవరి, ఉదయం 10:10

ఎవరూ బూడిద ఇటుక మాట ఎత్తలేదేంటి? రామగుండం ఎన్టీపీసీ 2,600 మెగావాట్లు, అటు చెల్పూరులో కాకతీయ థర్మల్. మన చుట్టూ గుట్టలకొద్దీ బూడిద. థర్మల్ కేంద్రానికి ఫలానా దూరంలో కట్టేవాళ్లు బూడిద ఇటుక వాడాలని కేంద్రం 1999లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. 2016లో ఆ దూరాన్ని 300 కిలోమీటర్లు చేసింది. అంటే ఉత్తర తెలంగాణ మొత్తం అందులోనే. పొలం మట్టి తవ్వక్కర్లేదు, బట్టీ కాల్చక్కర్లేదు. మా ఇల్లు దాంతోనే కట్టాం, చల్లగా ఉంటుంది.

కొలత కర్ర · 12 ఫిబ్రవరి, మధ్యాహ్నం 2:40

అన్నా, మొదటి సగం వంద శాతం నిజం. మట్టి మిగులుతుంది, బట్టీలో కాలే బొగ్గు మిగులుతుంది, బూడిద చెరువులు కొంచెమైనా తగ్గుతాయి. రెండో సగం దగ్గరే నా పేచీ. బూడిద ఇటుక గట్టిగా, దట్టంగా ఉంటుంది. వేడిని ఎర్ర ఇటుకంత, కొన్నిసార్లు ఇంకొంచెం ఎక్కువే పోనిస్తుంది. మీ ఇల్లు చల్లగా ఉందంటే ఇంకేదో కారణం ఉండాలి. చెట్లున్నాయా?

ఖని బూడిద · 12 ఫిబ్రవరి, మధ్యాహ్నం 3:05

పడమటి వైపు రెండు వేపచెట్లు. కంపెనీ క్వార్టర్ల కాలం నాటివి.

కొలత కర్ర · 12 ఫిబ్రవరి, మధ్యాహ్నం 3:07

దొరికింది 🙂

పరకాల పాత ఇల్లు (పరకాల, రిటైర్డ్ టీచర్) · 13 ఫిబ్రవరి, ఉదయం 5:40

ఇదంతా చదువుతుంటే మా ఇల్లు గుర్తొచ్చింది. మూరన్నర మందం మట్టి గోడలు, టేకు దూలాలు, దంతెలు, పైన గూన పెంకలు. నడుమ వాకిలి, చుట్టూ అర్రలు. మా తాత రోహిణి కార్తెలో కూడా మధ్యాహ్నం అర్రలో దుప్పటి కప్పుకొని పడుకునేవాడు. నల్లటి షాబాద్ బండల మీద చెంప ఆనించి పడుకుంటే ఆ చల్లదనం ఇప్పటికీ గుర్తుంది. గోడలో చిన్న గూడు, దాంట్లో నీళ్ల కుండ. ఆ ఇల్లు 1994లో కూలగొట్టి స్లాబు ఇల్లు కట్టింది నేనే. అప్పట్లో స్లాబు ఇల్లంటే ఊళ్లో గౌరవం. పిల్లనిచ్చేవాళ్లు కూడా ముందు పైకప్పు చూసేవాళ్లు. ఆ ఏడాది ఎండాకాలం మా తాత కొత్త ఇంట్లో రెండు రోజులు పడుకొని, మూడో రోజు పశువుల కొట్టంలోకి మంచం వేయించుకున్నాడు. చనిపోయేదాకా ఎండాకాలమంతా అక్కడే.

నీలం స్కేలు · 13 ఫిబ్రవరి, ఉదయం 8:15

సార్, పొద్దున్నే కళ్లు చెమర్చేలా చేశారు. కానీ ఏటా గోడలు అలికేదెవరు, పెంకలు తిరగేసేదెవరు, చెదలు చూసేదెవరు? 200 గజాల్లో మూరన్నర గోడలంటే గదులు మిగలవు. ఆ ఇంట్లో పనిచేసింది రెండు సంగతులు. గోడ మందం వేడిని రాత్రిదాకా ఆపేది. పెంకల సందుల్లోంచి వేడిగాలి పైకి పోయేది. ఆ రెండిటినీ ఇవాళ్టి సామానుతో ఎలా తెచ్చుకోవాలన్నదే చూడాలి.

నయీంనగర్ వాసి · 13 ఫిబ్రవరి, రాత్రి 10:20

ఇంకో డౌట్. తెలంగాణలో కూల్ రూఫ్ పాలసీ అని ఒకటి ఉందని విన్నాను. మాకు పర్మిషన్ ఆన్‌లైన్‌లో వచ్చేసింది, అందులో ఎక్కడా దీని మాటే లేదు. మాకు వర్తిస్తుందా? సబ్సిడీ ఏమైనా ఉందా?

కొలత కర్ర · 14 ఫిబ్రవరి, రాత్రి 12:10

ఉంది. 2023 ఏప్రిల్ 3న అప్పటి మున్సిపల్ మంత్రి కేటీఆర్ విడుదల చేశారు. 2023 నుంచి 2028 దాకా ఐదేళ్ల విధానం. ఇలాంటిది తెచ్చిన మొదటి రాష్ట్రం మనదే. 2028కి హైదరాబాద్‌లో 200 చదరపు కిలోమీటర్లు, మిగతా రాష్ట్రమంతా కలిపి 100 చదరపు కిలోమీటర్ల కప్పులు చల్లబరచాలని లక్ష్యం. చదరపు మీటరుకు 300 రూపాయల ఖర్చని ఆ రోజు చెప్పారు. ప్రభుత్వ భవనాలకు, వాణిజ్య భవనాలకు తప్పనిసరి. ఇళ్లకైతే స్థలం 600 గజాలు, ఆపైన ఉంటేనే తప్పనిసరి. అంతకన్నా చిన్నవాటికి ఐచ్ఛికం. మీ 200 గజాలు ఆ గీత కిందికి వస్తాయి.

మిగతా నిబంధనలు కూడా వరుసగా చూడండి. 2001లో ఇంధన పొదుపు చట్టం, 2007లో వాణిజ్య భవనాలకు ఈసీబీసీ (భవనాల్లో ఇంధన పొదుపు నియమావళి), 2017లో దాన్ని బిగించారు. అది 100 కిలోవాట్ల లోడ్ దాటిన భవనాలకు. ఎకో నివాస్ సంహిత 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 600 గజాల స్థలం నుంచి మొదలు. 2022లో చట్టం సవరించి పెద్ద నివాస భవనాలను కూడా కలిపారు, 2024లో కొత్త కోడ్ వచ్చింది. అదీ పెద్దవాటికే. ఆన్‌లైన్ భవన అనుమతుల్లో 600 గజాల లోపు ఇళ్లకు సొంత ధ్రువీకరణ మీదే అనుమతి, ఎవరూ వచ్చి డాబా చూడరు.

నా గొడవంతా ఇక్కడే. హన్మకొండ, కాజీపేట, వరంగల్ మూడు ఊళ్లూ తిరగండి, 600 గజాల ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగిలినవన్నీ 100, 150, 200 గజాలే. వేడికి ఉడికేది వాళ్లు, పుస్తకంలో లేనిది కూడా వాళ్లే. పెద్ద భవనాల లెక్క సులువు. ఒక్క కన్సల్టెంట్, ఒక్క ఫైల్. చిన్న ఇళ్ల మేస్త్రులకు నేర్పాలంటే చెమట పట్టాలి కదా, అందుకే ఎవరూ ముట్టుకోరు.

పరిశోధన లేదా అంటే, మన పక్కనే జరిగింది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ, అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ లేబొరేటరీ కలిసి హైదరాబాద్ వాణిజ్య భవనాల మీద కొలతలు తీశాయి. 2012లో పేపర్ వచ్చింది. మామూలు కాంక్రీటు డాబాకు తెల్ల పూత వేస్తే ఏసీ కరెంట్ 10 నుంచి 19 శాతం తగ్గుతుందని లెక్కగట్టారు, ఏడాదికి చదరపు మీటరుకు 13-14 యూనిట్లు. 2017లో హైదరాబాద్ దేవరకొండ బస్తీలో 25 పేదల ఇళ్ల మీద తెల్ల షీట్లు పరిచి చూశారు. లోపల సగటున 2 డిగ్రీలు తగ్గింది. ఏసీ లేని ఇంట్లో 2 డిగ్రీలంటే నిద్ర పట్టడానికి, పట్టకపోవడానికి మధ్య ఉన్న తేడా.

సబ్సిడీ మాటకొస్తే, మీలాంటి ఇంటికి పాలసీలో అలాంటి డబ్బు నాకు కనపడలేదు.

నీలం స్కేలు · 14 ఫిబ్రవరి, ఉదయం 7:45

మేడం, పెద్ద భవనాల వాళ్లు మాత్రం పాటిస్తున్నారా? కోడ్‌లో గోడ మీద అద్దం 40 శాతం దాటకూడదని ఉంది. ఉత్తరం తప్ప మిగతా వైపుల గాజు ఎండ వేడిలో 27 శాతానికి మించి లోపలికి పంపకూడదని ఉంది. ఒక క్లయింట్ పడమటి వైపు నాలుగంతస్తులు మొత్తం అద్దమే కావాలన్నాడు. 'ఎండ పడుతుంది సార్' అంటే 'ఏసీ పెంచుదాం' అన్నాడు. ఇప్పుడు ఆ బిల్డింగ్‌లో అద్దాలకు లోపలి నుంచి న్యూస్ పేపర్లు అంటించుకొని కూర్చున్నారు.

రెండు మీటర్లు (సుబేదారి) · 15 ఫిబ్రవరి, ఉదయం 11:00

అన్నయ్యా, కింద పోర్షన్ కిరాయికి ఇస్తున్నారు కదా, మీటర్ వేరుగా పెట్టించారా? గృహజ్యోతి (ఉచిత కరెంట్ పథకం) 200 యూనిట్ల లోపు ఉన్న తెల్ల కార్డువాళ్లకే. మా కిరాయివాళ్లు మే నెలలో 206 యూనిట్లు కాల్చారు. ఆరు యూనిట్లే కదా అనుకున్నారు, కానీ 200 దాటితే మొత్తం బిల్ కట్టాల్సిందే. ఆ నెల నా మీద కోపం చూడాలి, నేనేదో తిప్పినట్టు. వాళ్ల గది మీద కూడా ఎండ పడే స్లాబే. అంటే పైకప్పు చల్లగా ఉండుంటే వాళ్లకు జీరో బిల్ వచ్చేది.

మంచిర్యాల మామ · 15 ఫిబ్రవరి, మధ్యాహ్నం 12:25

చెల్లె చెప్పిన దాంట్లో అసలు కిటుకు ఉంది. తమ్మీ, నీ 350 యూనిట్లు చూడు. 200 దాటినవాళ్లకు మొదటి 200 యూనిట్లు 5.10 చొప్పున 1,020. తర్వాత వంద 7.70 చొప్పున 770. ఆ పైన 50 యూనిట్లు 9 చొప్పున 450. మొత్తం 2,240, ఫిక్స్‌డ్ చార్జీలు వేరే. ఇప్పుడు డాబా చల్లబడి 60 యూనిట్లు తగ్గాయనుకో. తగ్గేది అడుగు నుంచి కాదు, ఖరీదైన పైనుంచి. 527 రూపాయలు మిగుల్తయ్. కానీ అది ఏడాదికి రెండు మూడు నెలలే. కాబట్టి పైసలు వెనక్కి రావాలని కాదు, నిద్ర కోసం చెయ్యి.

సోలార్ మాట. పీఎం సూర్యఘర్‌లో 3 కిలోవాట్లకు 78 వేల సబ్సిడీ ఉంది. నెలకు 350 యూనిట్ల దాకా వస్తది, 300 చదరపు అడుగుల చోటు కావాలె. కానీ ఏడాదిలో తొమ్మిది పది నెలలు 180 కాల్చి, తెల్ల కార్డు ఉన్నోడైతే జీరో బిల్ వచ్చేవాడు, ఎందుకు పెట్టిస్తడు? ఒక చేత్తో సోలార్ పెట్టుకోమంటరు, ఇంకో చేత్తో పెట్టుకోకున్నా మంచిదే అంటరు. నేను పెట్టించిన, ఎందుకంటే నాకు మూడు ఏసీలు, ఒక కొడుకు.

కొలత కర్ర · 15 ఫిబ్రవరి, మధ్యాహ్నం 1:10

మామా, సోలార్‌కు ఇంకో లాభం కూడా ఉంది. ప్యానెల్ గొడుగులా పనిచేస్తుంది. శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు 2011లో కొలిచారు, ప్యానెల్స్ ఉన్నచోట కప్పులోకి దిగే వేడి 38 శాతం దాకా తగ్గింది. గాలి ఆడేలా ఎత్తులో పెట్టాలి, అంతే.

ములుగు రోడ్డు (ములుగు జిల్లా) · 16 ఫిబ్రవరి, రాత్రి 8:50

మీరంతా 200 గజాలు చిన్నదంటున్నారు. మా ఊళ్లో ఇందిరమ్మ ఇళ్లు మొదలవుతున్నాయి. ఐదు లక్షలు, 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, పైన స్లాబే వేయాలి. గుడిసెలో గడ్డి కప్పు కిందున్నవాళ్లు ఇప్పుడు నాలుగంగుళాల స్లాబు కిందికి పోతున్నారు. వానకు మంచిదే, కురవదు, పాము పడదు. ఎండకు? మా పెద్దమ్మ అడిగింది, 'కొత్తింట్ల వండుకుంటం, పాత గుడిశెల పండుకుంటం, గుడిశె పీకమంటరా బిడ్డా' అని. లక్షల ఇళ్లు ఒకేసారి కడుతున్నప్పుడు, చివరి బిల్‌కు ముందు డాబా మీద రెండు పూతల సున్నం వేయాలని ఒక్క లైన్ రాస్తే పోయేదేముంది?

హంటర్ రోడ్ (వరంగల్) · 18 ఫిబ్రవరి, ఉదయం 9:30

సున్నం అంటే గుర్తొచ్చింది. కూల్ పెయింట్ అని చెప్పి ఒక షాప్ వాళ్లు (పేరు వద్దులెండి) నాకు రెండేళ్ల కింద 22 వేలకు వేశారు. మొదటి ఎండాకాలం బాగానే ఉంది. రెండు వానాకాలాలు తిరిగేసరికి నాచు పట్టి నల్లగా అయింది. డబ్బా తిప్పి చూస్తే మామూలు బయటి గోడల తెల్ల రంగు, ఎండను ఎంత తిప్పికొడుతుందన్న అంకే లేదు. అడిగితే 'తెల్లగా ఉంది కదా సార్' అన్నారు.

కొలత కర్ర · 18 ఫిబ్రవరి, ఉదయం 10:05

డబ్బా మీద రెండు అంకెలు అడగండి. ఎండను తిప్పికొట్టేది 0.60కి తగ్గకూడదు, వేడిని బయటికి వదిలేది 0.90కి తగ్గకూడదు. ఈసీబీసీలో ఉన్నది ఇదే. ఎంత మంచి పూతైనా మురికి పడితే పని తగ్గుతుంది. ఏటా మార్చిలో ఒకసారి చీపురు పట్టాల్సిందే.

కట్టుబడి మేస్త్రి · 18 ఫిబ్రవరి, రాత్రి 7:40

పైసలు లేనోళ్లకు నా లెక్క చెప్త. రాయి సున్నం తెచ్చి డ్రమ్ముల రెండు రోజులు నానబెట్టుండ్రి, పొడి సున్నం వద్దు. గుడ్డల వడగట్టి ఫెవికాల్ కలుపుండ్రి. డాబా కడిగి ఆరినంక మొదటి పూత నిలువు, రెండో పూత అడ్డం. పొద్దుమూకినంకనే వెయ్యాలె. ఎండల వేస్తే కాలికి అంటుకొని వస్తది. వానకు పోతది, మల్ల మార్చిల వేసుకోవాలె. మా నాయిన కాలంల డంగు సున్నం, బెల్లం నీళ్లు, కరక్కాయ పోసి మిద్దె మీద పదిమంది ఆడోళ్లు కట్టెలతోని వారం రోజులు కొట్టేటోళ్లు, పాటలు పాడుకుంట. అది ముప్పై ఏండ్లు కురవకపోయేది. ఇప్పుడు అంత కూలి ఎవరిస్తరు?

హంటర్ రోడ్ · 16 ఏప్రిల్ 2025, మధ్యాహ్నం 3:20

పాత థ్రెడ్ లేపుతున్నా, క్షమించాలి. మేడం, కరోనా టైంలో కొన్న నుదుటి టెంపరేచర్ గన్‌తో స్లాబు చూస్తే 'హై' అని చూపించి ఆగిపోతోంది. స్లాబుకు జ్వరమా?

కొలత కర్ర · 16 ఏప్రిల్, సాయంత్రం 5:00

అది మనుషులకు, 42 దాటితే చేతులెత్తేస్తుంది. సర్‌ఫేస్ మోడ్ ఉంటే అందులోకి మార్చండి. లేకపోతే ఏసీ మెకానిక్ దగ్గర ఉండే గన్ అడగండి.

నయీంనగర్ వాసి · 27 మే 2025, రాత్రి 10:35

రోహిణి కార్తె మొదలైంది కాబట్టి లెక్క చెప్పడానికి వచ్చాను. ఏం చేశామంటే: పడమటి గోడకు ఏఏసీ; బాత్రూంకు, మిగతావాటికి ఎర్ర ఇటుక. మేస్త్రికి, ఇంజినీర్‌కు ఇద్దరికీ కొంచెం కొంచెం కోపం. డబ్బు మొత్తం డాబాకు సరిపోలేదు. రెండు పడకగదుల మీద, దాదాపు 300 చదరపు అడుగులు, మేడం చెప్పినట్టు షీటు, కాంక్రీటు పొర, తెల్ల టైల్ ముక్కలు. వాటర్ ప్రూఫింగ్‌తో కలిపి 61 వేలైంది. టైల్ ముక్కలు రెండు షాపుల్లో పగిలిన సరుకు, ఆటో కిరాయికే వచ్చాయి. హాల్ మీద మేస్త్రి గారి సున్నం, అన్నీ కలిపి 5,400. మెట్ల గది మీద ఏమీ వేయలేదు, డబ్బులైపోయాయి.

దానివల్ల ఒకే డాబా మీద మూడు రకాలు దొరికాయి. ఏసీ మెకానిక్ గన్ తెచ్చి నిన్న సీలింగ్ కొలిచాను. సాయంత్రం 4:30కి మెట్ల గది 47, హాల్ 41, పడకగది 36. రాత్రి పదింటికి 42, 38, 36. ఇంకా కిటికీలు పూర్తి కాలేదు కాబట్టి గదిలో గాలి వేడి మామూలే. కానీ నెత్తి మీంచి దిగే ఆ కొలిమి లేదు. ఫ్యాన్ వేస్తే గాలి గాలిలా వస్తోంది. అమ్మ నిన్న పైకొచ్చి సిమెంట్ నేల మీదే చాప వేసుకొని పడుకుంది. రంగు వేయకముందే గృహప్రవేశం చేసుకున్నట్టయింది.

కొత్త సమస్య ఒకటి. మా వీధిలో కోతులు ఎక్కువ. ఎండాకాలం మధ్యాహ్నం మా డాబా జోలికి ఎప్పుడూ వచ్చేవి కావు, కాళ్లు కాలేవి కాబోలు. ఇప్పుడు పన్నెండు దాటగానే గుంపంతా వచ్చి సరిగ్గా ఆ తెల్ల టైల్స్ మీదే కూర్చుంటోంది. మెట్ల గది మీదికి ఒక్కటీ పోదు, సున్నం మీద చిన్నవి రెండు మూడు. తీరిగ్గా కూర్చొని టైల్ ముక్కల మధ్య గ్రౌట్ గోళ్లతో పీకుతున్నాయి. ఇప్పటికి ఓ అడుగు మేర ఊడింది.

కట్టుబడి మేస్త్రి · 27 మే, రాత్రి 10:52

గ్రౌట్ తెల్ల సిమెంట్ పెట్టిర్రా, టైల్స్ గమ్ పెట్టిర్రా?

నయీంనగర్ వాసి · 27 మే, రాత్రి 10:54

తెల్ల సిమెంట్.

కట్టుబడి మేస్త్రి · 27 మే, రాత్రి 10:55

రేపు పొద్దుగాల వస్త. కోతులు రాకముందు, ఆరింటికి.